కొల్లేటిలో చేపల వేట: ఋతుక్రమం, పద్ధతులు, మార్పులు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- కొల్లేటి సరస్సులో నీటి మట్టం ఏడాది పొడవునా ఎలా మారుతుందో, ఆ మార్పును బట్టి వేట పద్ధతులు ఎలా ఏర్పడ్డాయో వివరించగలుగుతారు.
- మావు, ఊత, దడి, వలకట్టు వంటి సాధనాల పనితీరును, వాటి వెనుక ఉన్న పరిజ్ఞానాన్ని గుర్తించగలుగుతారు.
- 19వ శతాబ్ది ఆనకట్టలు మొదలుకొని 2006 నాటి చెరువుల తొలగింపు వరకు జరిగిన మార్పులు జాలరుల జీవనాన్ని ఎలా ప్రభావితం చేశాయో విశ్లేషించగలుగుతారు.
- ‘సంప్రదాయ వేట’ అనే మాటను చరిత్ర దృష్టితో పరిశీలించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. కొల్లేరు కూడా చరిత్రలోకి అలాగే ప్రవేశించింది. క్రీ.శ. 634 నాటి ఐహోలు శాసనంలో రెండో పులకేశి విజయాలను వర్ణిస్తూ రవికీర్తి పేర్కొన్న కునాల సరస్సు మన కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. ఏలూరుకు సమీపంలోని పెదవేగి, అంటే నాటి వేంగి, శాలంకాయనులకు, తరువాత తూర్పు చాళుక్యులకు రాజధాని అయింది. ఆ శాసనంలో సరస్సు నీరు యుద్ధంలో నెత్తురుతో ఎర్రబడిన వర్ణన ఉంది. ఆ నీటిలో వల వేసి బతికిన మనిషి ప్రస్తావన మాత్రం లేదు.

ఆ మనిషి చరిత్రను ఎక్కడ వెతకాలి? అతను శాసనం వేయించలేదు, దస్తావేజు రాయించలేదు. అతని పరిజ్ఞానమంతా అతని సాధనాల్లోనూ, ఏ నెలలో ఏ సాధనం వాడాలన్న లెక్కలోనూ ఉంది. అందువల్ల ఈ పాఠంలో వేట సాధనాలను, వేట కాలాలను చారిత్రక ఆధారాలుగా స్వీకరిస్తున్నాం. ఇది కేవలం ఆసక్తి కోసం చేసే పని కాదు. నేడు చట్టం కొల్లేటి ప్రజలకు మిగిల్చిన ముఖ్యమైన హక్కు ‘సంప్రదాయ వేట’. ఆ మాటకు అర్థం చెప్పవలసిన బాధ్యత చరిత్ర విద్యార్థులపై కూడా ఉంది.

2. సరస్సు స్వరూపం

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు. ఒకప్పుడు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య ఉండేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత ప్రధానంగా ఏలూరు జిల్లాలోకి వచ్చింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అనే వాగులు, వాటితోపాటు అనేక డ్రెయిన్లు, కాలువలు ఇందులో కలుస్తాయి. ఇన్ని దారుల్లో వచ్చిన నీరు బయటికి వెళ్ళడానికి ఉన్న సహజమైన దారి ఒక్కటే. అది ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించి ఇది బంగాళాఖాతంలో కలుస్తుంది.

కొల్లేరు విస్తీర్ణం ఎంత అని అడిగితే ఒకే అంకె చెప్పలేం. సముద్ర మట్టానికి 3 అడుగుల ఎత్తు వరకు, అంటే +3 కాంటూరు వరకు నీరుంటే 135 చదరపు కిలోమీటర్లు. +5 కాంటూరు వరకు ఉంటే 308 చదరపు కిలోమీటర్లు. +10 కాంటూరు వరకు నిండితే 901 చదరపు కిలోమీటర్లు. మట్టంలో 7 అడుగుల తేడా వస్తే సరస్సు ఆరు రెట్లకు పైగా పెరుగుతుందన్నమాట. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న పళ్ళెం లాంటి సరస్సు కావడం ఇందుకు కారణం.

ఈ లక్షణాన్ని గుర్తుంచుకోండి, పాఠమంతా దీనిపైనే ఆధారపడి ఉంది. లోతైన జలాశయంలో చేప పైకీ కిందికీ కదులుతుంది. కొల్లేరు వంటి పల్చని సరస్సులో అది నీటితోపాటు పక్కలకు, అంటే పొలాల్లోకి, బోదెల్లోకి విస్తరించి, మళ్ళీ వెనక్కి వస్తుంది. కాబట్టి ఇక్కడి జాలరి లోతును కాక నీటి అంచును గమనించాడు.

సరస్సు గర్భంలో 46 లంక గ్రామాలు, అంచున 76 గ్రామాలు ఉన్నాయని సాధారణంగా లెక్కిస్తారు. లంకల్లో వేటను వృత్తిగా చేసుకున్నవారిలో వడ్డి కులస్థులు ప్రధానమైనవారు. కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మ వారి ప్రధాన దేవత. ఈ కోటకు సంబంధించి ఒక గాథ ప్రచారంలో ఉంది. ఒడ్ర రాజు కోటను పట్టుకోలేక శత్రువులు ఉప్పుటేరు తవ్వించి, సరస్సు నీటిని సముద్రంలోకి దించే ప్రయత్నం చేశారని ఆ కథ చెబుతుంది. ఇది చరిత్ర కాకపోవచ్చు. కానీ కొల్లేటిని జయించాలంటే ముందు దాని నీటిని చేతిలోకి తీసుకోవాలన్న ఎరుక ఈ ప్రాంత ప్రజలకు ఎప్పటినుంచో ఉందని మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

3. వేట ఋతుక్రమం

కొల్లేటి జాలరి, ఒడ్డున ఉన్న రైతు ఒకే పంచాంగాన్ని వాడేవారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే సుమారు 13, 14 రోజుల కాలాన్ని కార్తె అంటారు. ఏడాదికి 27 కార్తెలు. రైతు వాటిని బట్టి విత్తనం చల్లితే, జాలరి వాటిని బట్టి సాధనం మార్చేవాడు. ఈ ఏడాదిని మనం నాలుగు భాగాలుగా చూడవచ్చు.

3.1 కొత్తనీటి కాలం

జూన్ రెండో వారంలో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. ఎండలకు బీటలు వారిన నేల మీద తొలకరి పడి, వాగుల్లో ఎర్రటి కొత్తనీరు దిగుతుంది. ఆ వాసన తగలగానే చేపలు ప్రవాహానికి ఎదురెక్కుతాయి. వాలుగ, జెల్ల, పరిగె వంటివి గుడ్లు పెట్టడానికి వరదనీరు పారిన పల్లపు పొలాల్లోకి చేరతాయి. కొరమీను కలుపు మొక్కల నడుమ నీటిని శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు నీటిపై తేలుతాయి. పిల్లలు నారింజ రంగులో గుంపుగా తిరుగుతుంటే తల్లిదండ్రులు కింద కాపలా ఉంటాయి. దగ్గరికి వచ్చిన దేనినైనా అవి ఎగిరి పట్టుకుంటాయి.

ఈ కాలంలో వేట సులువు. చేప ఏ దారిన వస్తుందో ముందే తెలుసు కాబట్టి బోదెకు, కాలువకు అడ్డంగా వెదురు బద్దల దడి కట్టి, మధ్యలో వదిలిన ఖాళీలో మావును అమర్చేవారు. కొరమీనుకు కప్పను ఎరగా గుచ్చి గాలం వేసేవారు. మృగశిర నాడు చేప తినాలన్న ఆచారం మన ప్రాంతంలో బలంగా ఉంది కనుక ఏలూరు, తాడేపల్లిగూడెం సంతల్లో గిరాకీ కూడా అప్పుడే ఎక్కువ.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని గమనించాలి. చేప సులువుగా దొరికేది, మంచి ధర పలికేది అది గుడ్లతో ఉన్నప్పుడే. కాపలా ఉన్న కొరమీనును పట్టుకుంటే దాని వెంట ఉన్న పిల్లల గుంపంతా ఇతర చేపలకు ఆహారమవుతుంది. కాబట్టి సంప్రదాయ పద్ధతులన్నీ సరస్సుకు మేలు చేసినవేనని అనుకోవడం సరికాదు.

3.2 నిండు కొల్లేటి కాలం

ఆగస్టు నుంచి అక్టోబరు వరకు సరస్సు నిండుగా ఉంటుంది. మఖ, పుబ్బ, ఉత్తర, హస్త కార్తెలు దాటి చిత్త, స్వాతి కార్తెల్లో తుపానులు కూడా తోడైతే లంకలు దీవులుగా మారేవి. ఊరి నుంచి ఊరికి తాటిదోనెలే దారి. చేప విశాలమైన నీటిలో చెదిరిపోతుంది కాబట్టి వేట కష్టమవుతుంది. విసురు వలకు నిలకడైన చోటు దొరకదు. అప్పుడు కిక్కిస పొదల అంచున, గడ్డి దుబ్బుల మధ్య మావులు పెట్టేవారు. చేప మేతకోసం, నీడకోసం అక్కడికే వస్తుందని వారికి తెలుసు.

3.3 నీరు తీసే కాలం

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు నీరు క్రమంగా ఉప్పుటేరు వైపు జారుతుంది. పొలాల్లోకి వెళ్ళిన చేప బలిసి వెనక్కి మళ్ళుతుంది. తొలకరిలో ఎదురెక్కే చేప కోసం ఒక వైపు తిరిగిన మావు నోరు ఇప్పుడు దిగే చేప కోసం రెండో వైపు తిరుగుతుంది. ఏడాదిలో అసలైన పంట ఇదే. గుడ్లు పెట్టడం అయిపోయింది, పిల్లలు ఎదిగాయి, చేపలో కండ ఉంది. నీరు తీసిన పొలాల్లో రైతులు దాళ్వా వరి నాటేవారు. ఒకే నేల ఆరు నెలలు చేపకు, ఆరు నెలలు వరికి ఉపయోగపడింది.

3.4 ఎండాకాలం

మార్చి నుంచి రోహిణి కార్తె వరకు నీరు మడుగులకు పరిమితమవుతుంది. కార్పు జాతి చేపలు తగ్గిపోయి, గాలి పీల్చుకోగల కొరమీను, మట్టగిడస, ఇంగిలాయి, మార్పు, గొరక వంటివి మిగులుతాయి. ఇవి బురదలో కూడా కొంతకాలం బతుకుతాయి. మోకాటి లోతు నీటిలో నడుస్తూ ఊతను నేలకు అదిమి, చేప తగిలిన అలికిడి కాగానే పైనుంచి చెయ్యి పెట్టి తీసేవారు. ఇది ఊరంతా కలిసి చేసే వేట. ఆడవాళ్ళు, పిల్లలు కూడా పాల్గొనేవారు. మిగిలిన చేపను ఎండబెట్టి వానాకాలానికి దాచుకునేవారు.

3.5 ఉప్పుటేరులో మరో లెక్క

సరస్సులో కార్తెలు నడిపిన వేటను ఉప్పుటేరులో తిథులు నడిపాయి. సముద్రపు ఆటుపోట్లు చంద్రుణ్ణి బట్టి మారతాయి కదా. అమావాస్య, పౌర్ణములకు పోటు ఎక్కువ. నీటికి అడ్డంగా గుంజలు పాతి వలకట్లు వేసినవారికి ఆ రోజులే ముఖ్యం. పండుగప్ప సముద్ర తీరంలో గుడ్లు పెట్టి, దాని పిల్లలు ఉప్పుటేరు గుండా మంచినీటిలోకి వస్తాయి. నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరిగి, గుడ్లు పొదగడానికి ఉప్పునీటి వైపు దిగుతుంది. అంటే కొల్లేటి జాలరి సూర్యమానాన్నీ చాంద్రమానాన్నీ రెండింటినీ పాటించాడు. వాగుల వైపు ఒక పంచాంగం, సముద్రం వైపు ఇంకొకటి.

4. సాధనాలు చెప్పే చరిత్ర

మావు వెదురు బద్దలతో అల్లిన బోను. దాని నోరు లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది. చేప లోపలికి పోగలదు, తిరిగి రాలేదు. బద్దల మధ్య సందు ఎంత ఉండాలన్నది అల్లేవాని నిర్ణయం. సందు వెడల్పుగా ఉంటే చిన్న చేప తప్పించుకుంటుంది. మావుకు ఎర ఖర్చు లేదు, మనిషి దగ్గర ఉండనక్కరలేదు. సాయంత్రం పెట్టి తెల్లవారి ఎత్తుతారు. చేప బతికే ఉంటుంది కాబట్టి అక్కరలేనిదాన్ని వదిలివేయవచ్చు. అయితే మావు పనిచేయాలంటే నీరు కదలాలి. నిలిచిపోయిన నీటిలో మావుకు అర్థం లేదు.

నూలు, జనపనార వలలకు ఒక బలహీనత ఉండేది. తడిసి తడిసి కుళ్ళిపోయేవి. వాటిని తరచుగా ఎండబెట్టాలి, చెట్ల బెరడు కషాయంలో నానబెట్టాలి. ఆ రోజుల్లో వల ఒడ్డున ఉండేది, చేపకు విరామం దొరికేది. 1960ల తరువాత వ్యాపించిన నైలాను వల కుళ్ళదు, దానికి విశ్రాంతి అవసరం లేదు. జాలరికి శ్రమ తగ్గింది. కానీ వల బలహీనత వల్ల అప్రయత్నంగా అమలైన ఒక కట్టుబాటు కూడా దానితోపాటు పోయింది.

నేను అధ్యాపకుడిగా చేరిన కొత్తలో, 1980లలో, విద్యార్థులను తీసుకుని దోనె మీద ఒక లంకకు వెళ్ళాను. అరుగు మీద మావు అల్లుతున్న ఒక వృద్ధుణ్ణి, ‘‘తాతా, ఏ తారీఖున వేస్తావు దీన్ని?’’ అని అడిగాను. ఆయన నవ్వి, ‘‘తారీఖు నాకేం తెలుసు మాస్టారూ, కాలవలో గడ్డిపరక ఎటు వాలిందో చూసి వేస్తాం’’ అన్నాడు. పరక వాలిన దిక్కు నీటి నడక. చాలా ఏళ్ళ తరువాత అదే ఊరికి వెళ్ళినప్పుడు ఆయన కుమారుడు ఒక చేపల చెరువు గట్టు మీద జీతానికి రాత్రి కాపలా కాస్తున్నాడు. ఇంట్లో మావులున్నాయా అని అడిగితే, ‘‘ఉన్నాయండీ, నీళ్ళు నడవందే ఏం చేసుకుంటాం’’ అన్నాడు. ఈ రెండు జవాబుల మధ్య జరిగిన చరిత్రను ఇప్పుడు పరిశీలిద్దాం.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
(క) కొల్లేటి విస్తీర్ణాన్ని ఒకే అంకెలో ఎందుకు చెప్పలేం?
(ఖ) తొలకరిలోనూ, నీరు తీసే కాలంలోనూ మావు నోరు వేర్వేరు వైపులకు ఎందుకు ఉంటుంది?

5. ఆనకట్టలు, చట్టాలు (1847–1907)

1832–33 నాటి డొక్కల కరువు తరువాత డెల్టా ప్రాంతాలకు నీటి పారుదల కల్పించాలన్న ఆలోచన బలపడింది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో పూర్తయింది. బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట 1852–55 మధ్య నిర్మించారు. ఏలూరు కాలువ ఈ రెండు నదుల వ్యవస్థలను కలిపింది.

ఈ నిర్మాణాలు డెల్టాను ధాన్యాగారంగా మార్చాయి. కొల్లేటికి మాత్రం కొత్త పాత్ర వచ్చింది. అంతకుముందు అది వాగుల వరదను నిలుపుకునే పల్లం. కొన్ని ఏళ్ళలో ఎండాకాలం నాటికి దాదాపు ఎండిపోయేది. కాలువలు వచ్చాక పొలాల మురుగునీరు కూడా అందులోకి చేరసాగింది. నీరు రావడానికి వానతోపాటు కాలువ లాకులు కూడా కారణమయ్యాయి. కార్తెను బట్టి నడిచిన నీరు క్రమంగా కాలువలు వదిలే, కట్టే తేదీలను కూడా అనుసరించింది. జాలరి జీవితంలో ప్రభుత్వ పంచాంగం ప్రవేశించడం ఇదే మొదలు.

అదే కాలంలో ప్రభుత్వం చేపల గురించి ఆలోచించడం మొదలుపెట్టింది. ఫ్రాన్సిస్ డే 1873లో భారతదేశం, బర్మాలలోని మంచినీటి చేపల పరిశ్రమపై నివేదిక సమర్పించాడు. చిన్న కన్నుల వలలు, కాలువలకు అడ్డంగా పెట్టే బోనులు చేపపిల్లలను నాశనం చేస్తున్నాయన్న ఆందోళన అందులో ఉంది. 1897 నాటి భారత మత్స్య చట్టం పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడాన్ని నిషేధించింది. స్థిరమైన బోనులను, వల కన్నుల పరిమాణాన్ని నియంత్రించే అధికారాన్ని ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చింది. 1907లో ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యంలో మద్రాసు మత్స్యశాఖ ఏర్పడింది.

డే ఆందోళనలో నిజం ఉందని 3.1లో మనం చూశాం. అయితే చేప దారికి అడ్డుపడినవి మావులు మాత్రమేనా? నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట కూడా ఒక పెద్ద దడియే. దానిపై జాలరికి ఎలాంటి అధికారమూ లేదు. వెదురు దడిని నియంత్రించడానికి చట్టం వచ్చింది కానీ రాతి దడి వల్ల మారిన చేప నడకకు ఎవరూ జవాబుదారీ కాలేదు.

6. ఇతర ప్రాంతాలతో పోలిక

ఆనకట్ట వేటగాడి లెక్కను మార్చడం కొల్లేటికే పరిమితం కాదు. సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే పులస ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. అందుకే దాని వేట, దాని పేరు ఆనకట్ట దిగువ ప్రాంతానికే స్థిరపడ్డాయి. ఉత్తర అమెరికాలోనూ ఇటువంటి ఉదాహరణే ఉంది. టెనసీ నదిపై 1933లో ఏర్పడిన టెనసీ వ్యాలీ అథారిటీ వరుసగా డ్యాములు కట్టింది. ఆ నదిలో సాగర్ అనే వేటచేప ఉంది. చలికాలం చివర గుడ్లు పెట్టడానికి ఎగువకు బయలుదేరి, డ్యాముల దిగువన గుంపులుగా చేరుతుంది. అక్కడి గాలపు వేటగాళ్ళు ఆ నెలల్లో డ్యాముల కిందికే వెళ్ళి, ఎరను నీటి అడుగుకు దించి దాన్ని పడతారు. వేసవిలో అదే చేప లోతుకు వెళ్ళిపోతే వారి పద్ధతీ మారుతుంది.

ఈ రెండు ఉదాహరణల్లోనూ చేప తన ఋతువును మరచిపోలేదు, మనిషి కొత్త చోటుకు సర్దుకున్నాడు. అక్కడ డ్యాము చేప దారిని ఆపింది కానీ జలాశయం జలాశయంగానే మిగిలింది. కొల్లేటిలో తరువాత జరిగింది వేరు. ఇక్కడ సరస్సునే ముక్కలుగా పంచి గట్లు వేశారు. అప్పుడు సర్దుకోవడానికి చోటే లేకపోయింది.

7. చెరువుల యుగం (1957–1999)

ఈ మార్పుకు ఒక శాస్త్రీయ నేపథ్యం ఉంది. బొచ్చె, శీలావతి వంటి కార్పు చేపలు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద నది కావాలి. అందువల్ల చేపపిల్లల కోసం మనిషి నది మీదే ఆధారపడ్డాడు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారాన్ని ఎక్కించి కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే నేడు జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుకొంటున్నాం. చేపపిల్ల కోసం నదికి వెళ్ళవలసిన అవసరం తీరిపోయింది. తాడేపల్లిగూడేనికి సమీపంలోని బాదంపూడి ప్రభుత్వ చేపవిత్తన క్షేత్రం వంటి కేంద్రాలు ఈ విజ్ఞానాన్ని మన ప్రాంతానికి చేర్చాయి.

వరదలు, పంట నష్టాలతో లంక గ్రామాలు చితికిపోయిన నేపథ్యంలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న 1976లో ప్రభుత్వం జి.ఓ. 118 ద్వారా సరస్సులో 136 చేపల చెరువులను స్థానిక జాలరుల, షెడ్యూల్డు కులాల సహకార సంఘాలకు కేటాయించింది. ఉద్దేశం మంచిదే. వేటలో అనిశ్చితి ఉంది, పెంపకంలో ఆదాయం నిలకడగా ఉంటుంది. మొదటి సంవత్సరాల్లో పూరిళ్ళ స్థానంలో పెంకుటిళ్ళు, డాబాలు వచ్చిన లంకలున్నాయి. పిల్లలు ఏలూరు, కైకలూరు కళాశాలలకు వెళ్ళారు. దీన్ని తక్కువ చేసి చూడరాదు.

అయితే చెరువుకు పెట్టుబడి కావాలి. గట్టు, చేపపిల్ల, మేత, ఎరువు, మంచుగడ్డ, కలకత్తా వైపు రవాణా, అన్నిటికీ డబ్బు ముందే పెట్టాలి. మావుకు కావలసింది వెదురూ, పరిజ్ఞానమూ. చెరువుకు కావలసింది అప్పు. 1980, 90 దశకాల్లో చెరువులు సంఘాల పేరు మీద ఉంటూనే కౌలు ద్వారా బయటి పెట్టుబడిదారుల చేతికి వెళ్ళాయి. కొత్తగా అక్రమ చెరువులూ వెలిశాయి. కౌలు డబ్బును కొన్ని ఊళ్ళు ఉమ్మడిగా పంచుకున్నాయి. కానీ చెరువు మీద నిర్ణయం ఊరిది కాకుండా పోయింది. గట్లు నీటి దారులను మూశాయి. గట్ల వెలుపల మిగిలిన నీరు కదలడం మానేసింది. గుర్రపుడెక్క కమ్ముకుంది. ఏలూరు వంటి పట్టణాల మురుగు కూడా చేరింది. వరద వచ్చినప్పుడు నీరు పోయే దారిలేక లంకలు మునిగాయి.

పక్షులు కూడా దీనికి సాక్ష్యం చెబుతాయి. 1946లో కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలో సుమారు 3,000 గూడబాతులు గూళ్ళు కట్టిన స్థావరాన్ని గుర్తించారు. 1970ల మధ్య నాటికి ఆ స్థావరం అంతరించింది. నేడు ఆటపాక వద్ద పక్షులు మళ్ళీ కనిపిస్తున్నా, ఒక సరస్సంతా విస్తరించిన జీవం ఒక మూలకు పరిమితమైందన్న సంగతి మరచిపోరాదు.

8. అభయారణ్యం, చెరువుల తొలగింపు (1999–2006)

1999 అక్టోబరు 4న ప్రభుత్వం జి.ఓ. ఎం.ఎస్. నం. 120 ద్వారా +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. చేపల చెరువులను నిషేధిస్తూనే, స్థానికుల సంప్రదాయ వేటకు, రసాయనాలు లేని సంప్రదాయ సాగుకు వీలు ఉంచింది. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. సుప్రీంకోర్టు ఆదేశాలతో 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువుల గట్లను పెద్దఎత్తున తొలగించారు.

గట్లు తెగినప్పుడు నష్టపోయినవారందరూ ఒకే రకం వారు కాదు. బయటి కౌలుదారు పెట్టుబడి పోగొట్టుకున్నాడు, మరోచోట చెరువు తవ్వుకున్నాడు. సంఘ సభ్యుడు కౌలు వాటా పోగొట్టుకున్నాడు. చెరువు మీద కూలీ కూలి పోగొట్టుకున్నాడు. వీరికి చట్టం చూపిన దారి, తిరిగి సంప్రదాయ వేటకు వెళ్ళడం. కానీ ముప్పై ఏళ్ళలో ఒక తరం మావు అల్లడం నేర్చుకోకుండానే పెరిగింది. నీటి దారులు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించడం, 2011లో అజీజ్ కమిటీ దాన్ని సమర్థించకపోవడం ఈ చిక్కుముడి ఫలితాలే. చర్చ అంతా ఏ కాంటూరు వరకు అన్న గీత చుట్టూ తిరిగింది. ఆ గీత లోపల నీరు ఎప్పుడు రావాలి, ఎప్పుడు పోవాలి అన్న ప్రశ్నకు తగినంత చోటు దొరకలేదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
(క) 1957 నాటి ఆవిష్కరణ కొల్లేటి వేటను ఎలా ప్రభావితం చేసింది?
(ఖ) 1976 కేటాయింపుల ఉద్దేశానికీ ఫలితానికీ మధ్య తేడా ఏర్పడడానికి కారణాలేవి?

9. సారాంశం

సంప్రదాయ వేట అంటే పాత సాధనాలతో చేసే వేట అని సాధారణంగా అనుకుంటాం. ఈ పాఠంలో మనం చూసినదాన్ని బట్టి అది అసంపూర్ణమైన నిర్వచనం. మావు, ఊత, దడి, వలకట్టు అనేవి పెరిగే, తరిగే, నడిచే నీటికి ఏర్పడిన సాధనాలు. నీటి నడక ఆగితే అవి ఇంట్లో మూల పెట్టిన వస్తువులవుతాయి. కాబట్టి జాలరికి వేట హక్కు ఇచ్చి నీటి నడకను ఇవ్వకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. బుడమేరు, తమ్మిలేరుల నుంచి వచ్చే నీరు, లాకుల నిర్వహణ, ఉప్పుటేరు పూడికతీత, ఇవన్నీ జాలరి హక్కులో భాగాలే. ఉప్పుటేరులో నీటికి అడ్డుపడే వలకట్లను నియంత్రించవలసినప్పుడు జాలరి కూడా ఈ న్యాయానికి కట్టుబడాలి.

పాత వేటలో లోపాలు లేవని చెప్పడం ఈ పాఠం ఉద్దేశం కాదు. గుడ్లతో ఉన్న చేపను పట్టడం అప్పుడూ నష్టమే, ఇప్పుడూ నష్టమే. అయితే ఎప్పుడు పట్టకూడదో నిర్ణయించడానికి, చేప ఎప్పుడు ఏ దారిన నడుస్తుందో తెలిసిన మనిషి కావాలి. ఆ పరిజ్ఞానం ఉన్న తరం వృద్ధాప్యంలో ఉంది. దాన్ని నమోదు చేయడం మీ వంటి విద్యార్థులు చేయగల పని.

10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. కొల్లేటి వేట ఋతుక్రమాన్ని, ఆయా కాలాల్లో వాడిన సాధనాలను వివరించండి.
2. 1847 నుంచి 2006 వరకు కొల్లేటి నీటిపై అధికారం ఎవరెవరి చేతులు మారిందో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. నైలాను వల తెచ్చిన మార్పు
2. 1897 భారత మత్స్య చట్టం
3. కార్తెలు, తిథులు: వేటలో వాటి పాత్ర

III. క్షేత్ర అభ్యాసం
మీ ఊరికి దగ్గరలోని చెరువు, కాలువ లేదా నది వద్ద వేట చేసే అరవై ఏళ్ళు దాటిన ఒకరిని కలవండి. ఏ కార్తెలో ఏ చేప, ఏ సాధనం, నీటి ఏ గుర్తును బట్టి అన్న నాలుగు విషయాలను వారి మాటల్లోనే రాసుకోండి. వారి మాటను దిద్దకండి. చివర, వారి చిన్నతనానికీ ఇప్పటికీ నీటిలో వచ్చిన మార్పేమిటో అడిగి రెండు పేజీలకు మించకుండా నివేదిక తయారు చేయండి.

11. కీలక పదాలు

మావు: వెదురు బద్దలతో అల్లిన, లోపలికి సన్నబడే నోరు గల చేపల బోను.
ఊత: అడుగూ పైభాగమూ తెరిచి ఉండే శంఖాకారపు బుట్ట, తక్కువ నీటిలో చేపపై అదిమి పట్టే సాధనం.
దడి: నీటి దారికి అడ్డంగా నిలిపే వెదురు అల్లిక.
వలకట్టు: ప్రవాహంలో గుంజలు పాతి కట్టే స్థిరమైన వల.
కాంటూరు: సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న ప్రదేశాలను కలిపే రేఖ.
దాళ్వా: వానాకాలపు పంట తరువాత వేసే రెండో వరి పంట.